క్యాబేజీ పక్కన తీగ

నాంచారమ్మ మందులు కొట్టకుండా పెంచే కూరతోటలో, క్యాబేజీ మడి గట్టున నారింజ పూల నాస్టర్షియం తీగ ఒకటి పాకుతూ ఉండేది. ఒకనాడు నిండు చూలాలైన తెల్ల సీతాకోకచిలుక గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ అటు వచ్చింది.

"ఇటు రా తల్లీ, నా ఆకుల మీద పెట్టుకో," అంది తీగ.

"మా వంశంలో పిల్లలు క్యాబేజీ మీదే పెరుగుతారు. ఊరూ పేరూ తెలియని తీగ మీద పెడితే నలుగురూ నవ్వరూ?" అంటూ అది క్యాబేజీ మీద వాలబోయింది.

అంతలో నాంచారమ్మ వచ్చింది. క్యాబేజీ ఆకులు ఒక్కొక్కటే తిరగేసి, కనబడ్డ పురుగునల్లా ఏరి కోడికి వేసింది. అవన్నీ ఆ సీతాకోకచిలుక వాళ్ళ అక్క పిల్లలు. తీగ ఆకులు అప్పటికే పురుగులు తిని జల్లెడలా ఉన్నా, ఆవిడ వాటి జోలికి పోలేదు.

ఆవిడ వెళ్ళాక సీతాకోకచిలుక వచ్చి తీగ మీదే గుడ్లు పెట్టింది.

"రేపు నా పిల్లలు నిన్ను కొరుక్కు తింటారు. నొప్పెట్టదా నీకు?" అని అడిగింది.

"పెడుతుంది. కానీ నాకు ఒక ఆకు పోతే రెండు వస్తాయి. పాపం, క్యాబేజీకి ఉన్నది ఒక్కటే తల," అంది తీగ.