ఎనిమిది పౌండ్లది

“ఎనిమిది పౌండ్లది చాలమ్మా,” అన్నాడు క్లిఫర్డ్ మూడోసారి. మూడోసారి కూడా లినెట్ దాన్ని షోకేసులోంచి తియ్యలేదు.

ఇంగ్లండులోని బర్న్లీ బజారులో లినెట్‌ది చిన్న వేప్ దుకాణం, అంటే సిగరెట్లకి బదులు ఆవిరి పీల్చే ఎలక్ట్రానిక్ గొట్టాలమ్మే కొట్టు. సిగరెట్లు మానలేక అవస్థ పడేవాళ్ళూ, మానేశామని ఇంట్లో బొంకేవాళ్ళూ అందరూ అక్కడికే వస్తారు. డెబ్బై అయిదేళ్ళ క్లిఫర్డ్ ఆ రెండు రకాల్లోనూ చేరడు. జన్మలో పొగ తాగి ఎరగడు. భార్య డోరీన్ కోసం వచ్చానన్నాడు. ఆవిడ యాభై ఏళ్ళుగా సిగరెట్లు తనే చుట్టుకుని కాలుస్తోందట. ఈ మధ్య వేళ్ళకి పట్టు తప్పి చుట్టుకోలేకపోతోందట. కొన్నాళ్ళు వాడి పారేసే రకం వేప్ ఇమ్మని మొదట అడిగాడు. అవి కిందటేడే నిషేధించారని లినెట్ చెబితే, షోకేసులో మూలనున్న ఎనిమిది పౌండ్లదాన్ని చూపించాడు. అందులో నికొటిన్ లిక్విడ్ నింపిన చిన్న డబ్బీ, పాడ్ అంటారు దాన్ని, ముందే ఉంటుంది. నింపుకునే పనీ, మీట నొక్కే పనీ లేవు, నోట్లో పెట్టుకుని పీలిస్తే చాలు.

లినెట్‌కి ఒళ్ళు మండింది. ఆ మంట పెద్దాయన మీద కాదు, ఆ ఎనిమిది పౌండ్లదాని మీద. ఊళ్ళో డబ్బుకి కటకటలాడే ప్రతివాడూ ముందు దాన్నే కొంటాడు, నెలాఖరుకి అందరికన్నా ఎక్కువ తగలేసుకుంటాడు. తన కళ్ళముందు ఇంకొకరు అలా మునగడం ఆమెకు ఇష్టం లేదు. అందుకని పాతిక పౌండ్లదాన్ని తీసి గల్లా బల్ల మీద పెట్టి, వివరంగా చెప్పుకొచ్చింది. చౌకదానికి కొత్త పాడ్‌లు జత ఆరు పౌండ్లు, యాభై ఏళ్ళు కాల్చిన మనిషికి అవి మూడు రోజులు కూడా రావు. పాతికదాంట్లో అయితే లిక్విడ్ మనమే పోసుకోవచ్చు, నాలుగు పౌండ్ల సీసా వారం వస్తుంది. రెండు వారాలు తిరిగేసరికి ఎక్కువ పెట్టిన డబ్బు వెనక్కొచ్చేస్తుంది. అక్కణ్ణించి అంతా మిగులే.

క్లిఫర్డ్ బుద్ధిగా తల ఊపుతూ విన్నాడు.

“నీ లెక్కకి తిరుగులేదు తల్లీ. నేను పనిచేసిన మిల్లులో నిన్ను గుమస్తాగా పెట్టుకుని ఉంటే అది మూతపడేదే కాదు,” అన్నాడు. “అయినా నాకు ఎనిమిది పౌండ్లదే ఇయ్యి.”

“ఎందుకో చెప్పండి మరి.”

ఆయన కోటు జేబులోంచి కవరు తీశాడు. అందులో నలభై పౌండ్లున్నాయి. శనివారం డోరీన్‌ని మోర్కామ్ తీసుకెళ్ళి సముద్రం చూపించాలట. పక్కింటాయన కారిస్తానన్నాడు గాని పెట్రోలుకి ఇరవై అవుతుంది. అక్కడ గట్టు మీద కూర్చుని తినే చేపలూ చిప్స్‌కి ఇద్దరికీ పన్నెండు. ఇంక మిగిలేది ఎనిమిదే.

షికారు కోసమా ఇదంతా అనుకుంది లినెట్. ఆమె పట్టు ఇంకా బిగిసింది. పాతికదాన్ని ఆయన చేతిలోనే పెట్టి, లిక్విడ్ ఎలా పొయ్యాలో చూపించింది. ఆయన ప్రయత్నించాడు. సగం లోపలా సగం కోటు చేతి మీదా పడింది. జేబురుమాలుతో తుడుచుకుంటూ, పుదీనా వాసన బాగుందని నవ్వాడు.

“రెండు రోజుల్లో అలవాటైపోతుంది లెండి,” అంది లినెట్. “అసలు సంగతి వినండి పెద్దాయనా. ఆ చౌకది కొన్నారనుకోండి, మూడో రోజుకి పాడ్‌లు అయిపోతాయి, కొనడానికి మీ దగ్గర డబ్బుండదు, ఆవిడ మళ్ళీ సిగరెట్లే కావాలంటుంది. ఆవిడ మీద నిజంగా ప్రేమే ఉంటే మీరు కొనాల్సింది ఇది.”

పెద్దాయన మొహం చిన్నబోయింది. లినెట్ అది తన గెలుపే అనుకుంది. ఆ ఒక్క మాటా నోరు జారకుండా ఉంటే ఎంత బాగుండేదని ఆమె ఈనాటికీ బాధపడుతుంది. ఆ పూట మాత్రం బాధ లేదు సరికదా, మంచి చేస్తున్నానన్న హుషారులో మూడు పౌండ్లు తన చేతినుంచి తగ్గిస్తానంది, ఒక సీసా లిక్విడ్ ఊరికే ఇస్తానంది. అలాంటి బేరం ఆ దుకాణంలో అంతకుముందు ఎవరికీ దక్కలేదు.

క్లిఫర్డ్ కవరులోకి చూశాడు. నోట్లు ఒకసారి లెక్కపెట్టుకుని, ఎందుకో మళ్ళీ లెక్కపెట్టాడు.

“ఇది కొంటే పెట్రోలుకి చాలదమ్మా,” అన్నాడు మెల్లగా. “మోర్కామ్ ఆగిపోతుంది.”

“ఆగితే ఆగనివ్వండి. సముద్రం ఎక్కడికైనా పోతుందా? వచ్చే నెల వెళ్ళండి. అప్పటికి ఈ చలిగాలీ తగ్గుతుంది, మీ చేతిలో నాలుగు డబ్బులూ ఆడతాయి.”

ఆయన పాతిక పౌండ్లదాన్ని గీతలు పడకుండా నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. కవరులోంచి ఎనిమిది పౌండ్లు తీసి దాని పక్కన ఉంచాడు.

“వచ్చే నెల వెళ్దాం, వచ్చే నెల వెళ్దాం అని నేనూ నలభై ఏళ్ళు చెప్పానమ్మా ఆవిడకి,” అన్నాడు. “నువ్వన్నట్టు సముద్రం ఎక్కడికీ పోదు. మా డోరీనే వచ్చే వారానికి ఉండదన్నారు డాక్టర్లు.”