అంచు మీద వేలు

వేలు చుర్రుమంది. ఆన్సెల్మో వెంటనే ఫ్లాస్కు పైకెత్తాడు. మాతే టీ తాగే సొరకాయ బుర్రలో వేడినీళ్లు అంచు మీద పెట్టిన వేలిదాకా వచ్చాయన్నమాట. పక్క కుర్చీలో ఉన్న టీచరమ్మ నోయెలియాకు తడుముకుంటూ బుర్ర అందించాడు.

ఆసుపత్రి వరండా గుమ్మంలో నిలబడిన డాక్టర్ మిర్తా మనసు చివుక్కుమంది. అతని కుడికంట్లో మందు వేసి మూడు నెలలైంది. ఇంకా వేలితోనే చూసుకుంటున్నాడా?

"పదండి, ఆన్సెల్మో గారూ. మాతే తర్వాత తాగొచ్చు."

"వస్తున్నా డాక్టరమ్మా. మొండి గొర్రెల బొచ్చు కత్తిరించినవాణ్ణి, మీ కుర్చీలకు భయపడతానా?"

పరీక్ష గదిలో మసక వెలుతురు. అడ్డదిడ్డంగా కుర్చీలు, పెట్టెలు. మిర్తా అతని ఎడమకంటికి పట్టీ కట్టింది.

"దేనికీ తగలకుండా అటు చివరికి నడవాలి. నడిస్తే ఇవాళే ఎడమకంటికీ మందు వేస్తాను."

"నడవలేకపోతే?"

"మందు అందుకునే కణాలు మీ కళ్లలో మిగల్లేదని అర్థం. ఆ డోసు వరుసలో తర్వాతివాళ్లకు వెళ్తుంది. ఈ మందు వేసిన మిగతా నలుగురిలో ముగ్గురికి బాగానే పనిచేసింది."

"నాకోసం ఒక చుక్క దాచరాదూ?"

"నిలవుండదండీ. మంచి జన్యువును మోసుకెళ్లే ఆ నానో రేణువులు సాయంత్రానికల్లా ఒకదానికొకటి అతుక్కుని ముద్దకడతాయి. ఆరేళ్లుగా దాంతోనే కుస్తీ. మళ్లీ తయారయ్యేసరికి ఏడాది పడుతుంది."

"తర్వాతి వంతు టీచరమ్మదేగా?"

"నేను చెప్పకూడదు."

"ఆవిడే చెప్పిందిలెండి. ఏడాది ఆగితే పిల్లల నోటుపుస్తకాలు ఇక కనబడవట. ఏం చేస్తాం, ముందు వచ్చింది నేను! రెండు కళ్లూ వస్తే మా ఊరెళ్లి పేకాటలో మా బావమరిది పని పడతా. చేతిలో ఏ ముక్కలున్నాయో నా మొహం చూసి ఇప్పటిదాకా ఎవడూ కనిపెట్టలేదు."

మిర్తా నవ్వింది. "సరే, నడవండి."

మూడో అడుగులోనే కుర్చీ తగిలింది. తర్వాత పెట్టె. ఆపైన గోడ.

"కంగారుపడ్డారేమో. ఇంకోసారి చూద్దామా?"

రెండోసారి రెండు కుర్చీలు పడిపోయాయి. మిర్తా వెళ్లి వాటిని నిలబెట్టింది. ఆన్సెల్మో గాల్లో తడిమి ఆమె భుజం పట్టుకున్నాడు.

"మీ మందుది తప్పు లేదు తల్లీ. నా కళ్లే ముసలివి. పొద్దుపోతే ఆ రేణువులు ముద్దకడతాయన్నారుగా, టీచరమ్మను పిలవండి."

గంట తర్వాత నోయెలియాకు ఇంజెక్షన్ పూర్తయింది. ఆన్సెల్మోకు ఓదార్పుగా రెండు ముక్కలు చెబుదామని మిర్తా వరండా వైపు వచ్చి, గాజు తలుపు దగ్గర ఆగింది.

వరండాలో అతనొక్కడే ఉన్నాడు. ఫ్లాస్కు ఎత్తుగా పట్టుకుని, సన్నటి ధారగా నీళ్లు వంచుతున్నాడు. చుక్క ఒలకలేదు. ధార సరిగ్గా బుర్ర నిండగానే ఆగింది.

అంచు మీద వేలు లేదు.