బుడిపెల మొక్క

“ఊరొదిలి పారిపోతా మొక్కనెత్తుకొస్తివా? నీ పిచ్చి పాడుగాను!” బస్సులో పక్కసీటు జిలానీ బాషా పడీ పడీ నవ్వాడు.

రామసుబ్బయ్య మొక్కను ఒళ్ళోకి ఇంకా దగ్గరగా లాక్కున్నాడు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగాక ఉద్యోగం పోయింది, జీతం పోయింది. అబూ హలీఫాలో అతను తోటపని చేసిన ఇంటి వెనక దానంతటది మొలిచిన ఈ ఎడారి తుమ్మ ఒక్కటే మిగిలింది.

“నవ్వుకో బాషా! దీని వేళ్ళకు బుడిపెలుండాయి, మన చెనిక్కాయ చెట్టుకున్నట్టే. వాటిల్లో కంటికి కనపడని జీవులు గాలిలోంచే ఎరువు చేసి చెట్టుకు పెడతాయంట. ఇది మా చేలో నాటినానంటే ఎరువుల అంగడి మొగం చూసే పనే లేదు!”

బయల్దేరే ముందు భార్య రెడ్డెమ్మ కూడా తిట్టిపోసింది. మళ్ళీ ఏమనుకుందో ఏమో, తనే వేళ్ళకు బంకమట్టి మెత్తి, తడి గోనెపట్టా చుట్టింది. ఎంతైనా నా పెళ్ళాం కదా అని మురిసిపోయాడు. ఆమె మెడ చూస్తేనే ప్రాణం ఉసూరుమంటోంది. దారిలో సైనికులు బంగారం ఊడ్చేస్తున్నారని, తాళిగుండ్లు తీసి ‘మామా’ అని పిలిచే ఇంటి యజమానురాలి దగ్గర దాచానంది. ఒట్టి పసుపుతాడే వేలాడుతోంది.

బస్రా దగ్గర బస్సాపారు. సైనికులు పిండిడబ్బాలు కుమ్మరించారు, ఆడవాళ్ళ జడలు విప్పించారు. ఓ కుర్ర సిపాయి గోనె విప్పి ఇదేమిటన్నాడు. బాషా తనకొచ్చిన అరబ్బీలో బుడిపెల సంగతి చెప్పాడు.

సిపాయి మొహం విప్పారింది. “మా నాయనదీ సేద్యమే!” అంటూ ఓ బుడిపె గిల్లి చిదిమాడు. ఎర్రటి రసం వేలికంటింది.

“అయ్యో దేవుడా!” రెడ్డెమ్మ గుండె పట్టుకుంది.

బుడిపె మీద ఎంత ప్రేమ! రామసుబ్బయ్యకు సంతోషం పట్టలేదు. “బాషా, ఓ గుప్పెడు పీక్కోమను. వాళ్ళ నాయన చేలో ఏసుకుంటాడు.”

“ఒక్కటి గూడా ఇయ్యను!” రెడ్డెమ్మ గోనె లాక్కుని భోరుమంది.

సిపాయి పగలబడి నవ్వి, “యల్లా, యల్లా!” అని చెయ్యూపాడు. బస్సంతా ఒకటే నవ్వులు.

జోర్డాన్‌లో శరణార్థుల గుడారాల దగ్గర దిగగానే రామసుబ్బయ్య మొక్కకు నీళ్ళు తేవడానికి పరిగెత్తాడు. చెంబుతో వచ్చేసరికి గోనె విప్పి ఉంది. బుడిపెలు సగానికి సగం మాయం!

“ఎవరే నా బుడిపెలు పీకింది?” లబోదిబోమన్నాడు.

రెడ్డెమ్మ తలెత్తకుండా, బంకమట్టి తుడిచిన బంగారు గుండ్లు పసుపుతాటికి గుచ్చుకుంటోంది.