తూము మెట్లు

“ఇక్కడ దిగుండ్రి సార్, నీళ్లు సల్లగుంటయి,” అంది డ్యాము కట్ట ఊడ్చే అన్నమ్మ, తూము పక్క మెట్లు చూపిస్తూ.

తెలంగాణ బందుతో ఆఫీసు మూతబడింది. ఇంజనీరు గంగాధరరావు భార్య వేదవతితో, స్నేహితులతో మన్సూరాబాద్ అవతలి ఈ చిన్న డ్యాముకు షికారొచ్చాడు. తువ్వాలు ఆమె చేతికిచ్చి, ఒక మెట్టు దిగి ఆగాడు.

“తూము తెరిచి ఉందా?”

“తెరిస్తే ఏమైతది సార్?”

“ఏమవుతుందేంటి! ఏనుగునైనా లోపలికి లాగేస్తుంది!”

స్నేహితులు నవ్వారు. అన్నమ్మ నవ్వలేదు.

“పోయినేడు నా పెనిమిటిని గీ తూముల చెత్త తియ్యనీకి దింపి, పైకెల్లి తెరిపిచ్చిండ్రు. పీనుగై తేలిండు. గీడ నీళ్లు మనిషిని గుంజవు, తాగి పడ్డడని ఎంక్వైరీల జెప్పింది మీరే గద? మా సుందరయ్య సుక్క ముట్టెటోడు గాదు సార్.”

గంగాధరరావు గబుక్కున మెట్టు వెనక్కెక్కాడు.

“ఇయ్యాల మూసే ఉన్నది. దిగుండ్రి.”

అతను దిగలేదు. తువ్వాలు కోసం చెయ్యి చాచాడు.

వేదవతి ఇవ్వలేదు. “నాతో కూడా తాగి పడ్డాడనే చెప్పారేమండీ?” అంది, అందరూ వింటుండగానే.

అన్నమ్మ చీపురు తీసుకుని నడిచింది. ఏడాదిగా ఎరగని ఆకలి ఆ పూట ఆమెకు వేసింది.