చెప్పి తెగే రోపు

"ఈ రోపులతో ఎత్తనివ్వను," అంది ఆశ.

గాజువాక అవతల ఆ యార్డులో ఎనిమిది టన్నుల ఇనుప ట్యాంకు క్రేను కింద సిద్ధంగా ఉంది. దాన్ని లారీకెక్కించి పోర్టుకు పంపాలి. ఆశ అక్కడి ఇంజినీరు. ఇనుప రోపులు తెచ్చిన గురునాథరావుకు మల్కాపురంలో దుకాణం. ఏడాది పొడుగునా ఈ యార్డుకు రోపులిచ్చే బేరం ఇవాళ తేలాలి. తేలకపోతే ఎదురు కొట్టువాడు ఎగరేసుకుపోతాడు. అందుకే కోపం దిగమింగి నవ్వాడు.

"బరువు ఎనిమిది, రోపులు రెండు. చెరో నాలుగు. నా రోపు ఒక్కోటి అయిదు మోస్తుంది. ఇంకా మిగులే కదమ్మా?"

ఆశ వాదించలేదు. సగం నిండిన నీళ్ల క్యాను పిడిలోంచి నైలాను తాడు దూర్చి, ఒక కొస ఆయన చేతికిచ్చి, రెండోది తాను పట్టుకుంది. దగ్గరగా నిలబడినంతసేపూ క్యాను తేలిగ్గానే వేలాడింది. దూరం జరగమంది. జరిగేకొద్దీ తాడు ఆయన అరచేతిని కోసింది. తాడు తిన్నగా అయ్యేదాకా లాగమంది. ఆయన రెండు చేతులతో, పళ్లు బిగించి లాగాడు. నడుమ క్యాను కిందికి జారే ఉంది.

"నీళ్లేమైనా ఎక్కువయ్యాయా అండీ?"

"లేదు."

"మీ రోపులు పొట్టివి. ట్యాంకు మీద అడ్డంగా సాగుతాయి. అప్పుడు ఒక్కో రోపు మీద పడేది నాలుగు కాదు, ఎనిమిది."

గురునాథరావుకు వెంటనే ఎక్కింది. అసలు పెరగలేదు, వడ్డీ పెరిగింది. నష్టాన్ని ముందే చూపించిన మనిషి మీద ఆయనకు గౌరవమే.

మేస్త్రీ సన్యాసిరాజు వచ్చి మధ్యలో నిలబడ్డాడు. "పొడుగువి అట్టుకొచ్చీయ్ సావుకారూ. మా పద్ధతి నీకు తెల్దేటి? రోపిచ్చినోడు మొదటిపాలి కింద నిలబడి బరువు మీద సెయ్యెయ్యాల."

తానుండగా బరువు కిందికి ఎవరూ పోకూడదని ఆశ గట్టిగా చెప్పింది. సన్యాసిరాజు గురునాథరావు వైపు చూశాడు. ఆ చూపు ఖరీదు ఆయనకు తెలుసు. ఇంజినీర్లు మారుతుంటారు. యజమాని చెవిలో మాట వేసేది మేస్త్రీయే.

గురునాథరావు దుకాణానికి వెళ్లాడు. అక్కడ సరుకు రెండు రకాలు. తాను కింద నిలబడగలిగేది ఒకటి, నిలబడలేనిది ఇంకొకటి. రెండో రకమే ఎక్కువ. పాత సామాను వేలంలో దొరికిన తుప్పు రోపులకు గ్రీజు పూసేవాడు. పగులు పట్టిన షాకిళ్లను, అంటే రోపును క్రేను కొక్కేనికి తగిలించే ఇనుప లంకెలను, గ్యాసుతో కోసి పారేయాలి. ఈయన వాటికి వెల్డింగు పెట్టించి, ఆకురాయితో నున్న చేయించేవాడు. ఫిషింగ్ హార్బర్లో పడవలకు పూయగా మిగిలిన నీలం రంగు చవగ్గా వస్తుంది. అది ఒక పూత, దాని మీద పసుపు. అలాంటివి ఇప్పుడూ ఎండలో ఆరుతున్నాయి. గుమ్మం దాటిన సరుకు బతుకు దానిదే. ఎవరు కొన్నారో, ఎక్కడ తగిలించారో ఆయన అడగడు.

ఇవాళ మాత్రం కట్టు విప్పని కొత్త రోపులు, పొడుగువి, తీశాడు. ప్రాణం పెట్టుబడి పెట్టేచోట కక్కుర్తి కూడదు. అదీగాక రోపు చెప్పి తెగుతుంది. ముందు ఒక తీగ టిక్కుమంటుంది, కాసేపటికి ఇంకొకటి. చెవులున్నవాడు తప్పుకోవచ్చు. వెల్డింగు పెట్టిన ఇనుమే మాట చెప్పకుండా పోతుంది.

ఆశ కొత్త రోపులను కొసనుంచి కొసదాకా తడిమి చూసింది. "ఇవే ముందు తెచ్చుంటే ఇంత పొద్దు పోయేది కాదు కదండీ," అంది. కొక్కేనికున్న షాకిల్ సంగతి అడిగితే, అద్దె క్రేను యజమాని భీమశంకరరావు మొన్ననే కొన్నానని, కావాలంటే రంగు నిగనిగ చూడమని చెప్పాడు. అప్పుడు గురునాథరావు సన్యాసిరాజుతో బేరం నడుపుతున్నాడు. తన సరుకు కానిదాన్ని తలెత్తి చూసే అలవాటు ఆయనకు లేదు.

ట్యాంకు లేచింది. తల ఎత్తు దాటింది. రోపులు నిటారుగా, దర్జాగా నిలిచాయి. సన్యాసిరాజు మళ్లీ అదే చూపు చూశాడు.

గురునాథరావు నడిచి వెళ్లి ట్యాంకు అంచు కింద నిలబడి, చెయ్యెత్తి దాని మీద వేశాడు.

ఆశ క్రేను ఆపించింది. బరువు ఆయన తల మీదే ఆగింది.

"బయటికి రండి. ముందు బయటికి రండి," అంది.

"నా సరుకు మీద నాకు నమ్మకం ఉందమ్మా," అన్నాడు, మేస్త్రీకి వినబడేలా.

సన్యాసిరాజు తలూపాడు. "సాలు సావుకారూ. ఈ యేడు రోపులు నీయే. ఇక వచ్చీయ్."

బేరం తేలింది. గురునాథరావు ఆ తృప్తిని ఒక్క క్షణం అనుభవించాడు. సముద్రపు గాలికి పైనుంచి రంగు పెచ్చు ఒకటి తేలుతూ వచ్చి, ఎత్తిన ఆయన ముంజేతి మీద వాలింది. పసుపు రంగు. షాకిల్ మీదిది. ఇనుము లోపల సాగుతుంటేనే రంగు అలా పెచ్చులూడుతుంది.

చెవులు రిక్కించాడు. ఎక్కడా టిక్కుమన్న చప్పుడు లేదు. పెచ్చును గోటితో తిప్పి చూశాడు.

వెనకవైపు పడవ నీలం.