నారోక్ ఊపిరి

మైతమై పేరెత్తితే చాలు, పర్మువాత్ ఈనాటికీ కర్రతో నేలను పొడుస్తాడు.

ఉమ్మడి బీడుకు మైతమై పెద్ద. ఆ ఏడాది వానలకు ముందు పట్నం నుంచి ఒక సంఖ్య పట్టుకొచ్చాడు. ఆవు త్రేన్పులో వచ్చే గాలితో ఆకాశం వేడెక్కుతోందట. ఒక్కో ఆవు ఏడాదికి ఎంత గాలి వదులుతుందో ఆ సంఖ్య చెబుతుందట. దాని ప్రకారం మందలు సగానికి తగ్గాలి, అలా ఖాళీ అయ్యే బీడును కంచె వేసి మూసెయ్యాలి. సభ ఒప్పుకోవడమే తరువాయి.

ఆ వారమే ఓ ముసలాయన పర్మువాత్ దొడ్డి దగ్గరికి నడిచొచ్చాడు. భుజాన సంచి, చేతిలో ఆవు మూతికి తొడిగే తొడుగు.

"ఏం పని మీద తాతా?"

"ఆవు త్రేన్పు కొలుస్తాను."

పర్మువాత్ భార్య పకపకా నవ్వింది. "ముందు మా ఆయనది కొలువు. మాంసం తిన్ననాడు ఇల్లదురుతుంది."

ముసలాయనా నవ్వాడు. పాలిస్తే తాగాడు.

"మైతమై తెచ్చిన సంఖ్య నిజమేనా?" అడిగాడు పర్మువాత్.

"తెలియదు."

"మరెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు. అది ఊహ. చలిదేశంలో దాణా తిని బలిసిన ఆవుల్ని చూసి వేసింది. మీ ఆవు అందులో సగమే వదులుతుందేమో. ఎక్కువే వదులుతుందేమో. దాన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

నల్లావు నారోక్ మూతికి తొడుగు తగిలించాడు. దాని చివర ఒక తిత్తి.

నారోక్ నెమరేస్తోంది. తిత్తి మెల్లమెల్లగా ఉబ్బింది.

పర్మువాత్ భార్య నవ్వు ఆగిపోయింది.

పర్మువాత్ తిత్తి మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది. పొద్దున మేసిన గడ్డి చేతికింద ఊపిరై కదులుతోంది. పుట్టిందగ్గర్నుంచీ మందలోనే బతికాడు. ఇంతటిది రోజూ తన కళ్ల ముందే ఆకాశానికి ఎక్కిపోతోందని ఎన్నడూ ఎరగడు.

"ఎంకై!" అని దేవుణ్ణి తలుచుకున్నాడు.

"ఇదొక్కటే చాలదు నాయనా. ఇంకో పది ఆవులు కావాలి. ఇప్పుడోసారి, వానలయ్యాక ఓసారి."

పర్మువాత్ చెయ్యి తీసేశాడు.

"మా పశువుల్ని లెక్కపెట్టకూడదు తాతా. మంద తరిగిపోతుంది."

"లెక్కపెట్టను. పది చాలు."

"పది అంటే లెక్క కాదా?"

ముసలాయన నారోక్ మూతి తొడుగు విప్పాడు. "పోనీ, సభకొచ్చి అది ఊహేనని చెప్పనా?" అన్నాడు.

"అడిగినదానికల్లా తెలియదంటావు. నీ మాటెవడు వింటాడు?"

ముసలాయన నారోక్ నుదురు నిమిరి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

సభలో చేతులు లేచాయి. మైతమై ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేసేశాడు.

"అది ఉత్త ఊహట!" పర్మువాత్ అరిచాడు.

"ఎవడు చెప్పాడ్రా?" అన్నాడు మైతమై.

"సంచి మోసుకు తిరిగే ముసలాయన. ఆవుల త్రేన్పులు కొలుస్తాడు. ఏమడిగినా తెలియదంటాడు."

జనం గొల్లున నవ్వారు.

పట్నం నుంచి వచ్చిన అధికారిణి మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఆయన ఇక్కడికొచ్చారా? వేలిముద్ర పడకముందు ఒక్క మాట వచ్చి చెప్పుంటే ఈ కంచె ఆపేసేదాన్ని కదయ్యా! ఇప్పుడు ఏ దేశంలో, ఏ ఆవు పక్కన కూర్చున్నారో."

"ఎవరమ్మా ఆయన?"

"ఆ సంఖ్యను మొట్టమొదట వేసిన మనిషి," అందామె. "తన లెక్కను తానే నమ్మలేక, ఒక్కో ఆవునూ అడుగుతూ తిరుగుతున్నారు."

కంచె కింద పర్మువాత్ వాటాకి పోయింది అరవై రెండెకరాల బీడు.