కందకు లేని దురద

పద్నాలుగో నెంబరు ఫైలు ఇంకా కట్ట అడుగునే ఉంది. ఉదయం పదింటి నుంచీ టైపక్కయ్య కళ్ళు దాని మీదే ఉన్నాయి.

టైపక్కయ్య అంటే ఆ యూనివర్సిటీ శాఖలో టైపు కొట్టే అక్కయ్య. అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఎమ్మే సీట్లు నాలుగు. దరఖాస్తులు ముప్ఫై ఒకటి. ఇంటర్వ్యూ లేదు, కాగితాలు చూసి తేల్చెయ్యడమే. మొహం చూసి బొట్టు పెట్టారన్న మాట రాకూడదని అక్కడ ఒక పద్ధతి పెట్టుకున్నారు. పేరూ, ఫోటో, పుట్టిన తేదీ ఉండే మొదటి పేజీ తీసేసి బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. మిగిలిన కాగితాల మీద నెంబరు మాత్రం వెయ్యాలి. ఆ పని టైపక్కయ్యది. పదహారేళ్ళుగా బీరువా తాళం ఆమె దగ్గరే ఉంటోంది.

అందుకని పద్నాలుగో నెంబరు ఎవరో ఆ గదిలో తెలిసింది ఆమె ఒక్కదానికే. తెలిసినా నోరు విప్పకూడదు.

ఇంటి దగ్గర కూతురు పది రోజులుగా గోళ్ళు కొరుక్కుంటోంది. ముప్ఫై ఒకటిని నాలుగుతో భాగించి, ఎనిమిది మందిలో ఒకరు కాలేమా అమ్మా అని నోటుపుస్తకం వెనక అట్ట చూపించింది. మర్నాడు ఆ లెక్క కొట్టేసి, మార్కులు బాగున్నాయి కాబట్టి ఆరుగురిలో ఒకరు అంది. నిన్న ఎందుకో మళ్ళీ పదికి పెంచింది. ఆ అంకె పెరిగిన రోజు ఇంట్లో ఇద్దరికీ తిండి సయించదు.

మధ్యాహ్నం మూడయ్యేసరికి మూడు సీట్లు తేలిపోయాయి. నాలుగో దానికి ఇద్దరు మిగిలారు. పద్నాలుగు, ఇరవై రెండు.

ఫైళ్ళు చూసేది ఇద్దరు. ఒకరు హెడ్డు గారు, ఇంకొకరు కళ్ళజోడు మేడమ్. ఎందుకు చదవాలనుకుంటున్నారో రెండు పేజీల్లో రాయమంటారు కదా, పద్నాలుగో ఫైల్లోంచి ఆ రెండు పేజీలూ తీసి మేడమ్ చదివింది. ఆవిడకి పెదాలు కదుపుతూ చదివే అలవాటు. ఆ పెదాలు చూస్తూ, ఆవిడ ఏ వాక్యం దగ్గరుందో టైపక్కయ్య పోల్చుకుంటోంది.

"రాత ముచ్చటగా ఉందండీ. అచ్చుతప్పు ఒక్కటీ లేదు," అంది మేడమ్.

"నా అనుమానమూ అదే," అన్నాడు హెడ్డు గారు. "చెయ్యి తిరిగినవాళ్ళెవరో రాసిపెట్టారు. దూరవిద్య డిగ్రీ. మధ్యలో చదువు ఆగిపోయిందట, ఇంటి పరిస్థితులట. అలాంటివాళ్ళకి ఈ రాత ఎక్కణ్ణుంచి వస్తుంది?"

టైపక్కయ్య చేతులు కీబోర్డు మీంచి లేచాయి.

"సొంత రాతేనేమోనండీ," అంది.

ఇద్దరూ తల తిప్పి చూశారు. ఆ గదిలో ఆమె గొంతు వినపడటం అరుదు.

హెడ్డు గారు నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆయన రాసిన లావుపాటి పుస్తకం టైపు చేసిందీ ఆమే. అందులో నూట పద్దెనిమిది తప్పులు చడీచప్పుడు లేకుండా దిద్దిందీ ఆమే. ఆ సంగతి ఆయనకి తెలియదు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు అక్కయ్యా? నువ్వు మినిట్స్ చూసుకో."

ఒక్క మాట చాలు. అది నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే పద్ధతి తప్పిందని ఆ ఫైలు అక్కడికక్కడే పక్కన పడేస్తారు. చెప్పకపోయినా పడేసేలాగే ఉన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె గ్లాసెడు నీళ్ళు తాగి, ఆ నీళ్ళతో పాటు మాటా మింగేసింది.

మేడమ్ కాసేపు గట్టిగానే వాదించింది. ఇరవై రెండో నెంబరు రోజూ కాలేజీకి వెళ్ళి చదివిందని హెడ్డు గారన్నాడు. రోజూ వెళ్ళినవాళ్ళందరికీ చదువొచ్చిందా అని ఆవిడంది. ఈ పద్నాలుగో నెంబరు ఇల్లూ వంటా అని మధ్యలో మానేస్తే సీటు గంగపాలే కదా అని ఆయనన్నాడు. ఆవిడ గడియారం చూసుకుంది. బస్సు టైమయింది.

"సరే, మీ ఇష్టం," అంది.

ఆ మాటని టైపక్కయ్య మినిట్స్‌లో ఎక్కించింది: ఏకగ్రీవంగా నిర్ణయించడమైనది.

తరవాత ఇరవై ఏడు ఉత్తరాలు. నమూనా ఒకటే, పేరు మారిస్తే చాలు. 'చింతిస్తున్నాము' అన్న మాటతో మొదలవుతుంది. బీరువా తెరిచి, దాచిన మొదటి పేజీలు ముందేసుకుని కూర్చుంది. పద్నాలుగో పేరు దగ్గర వేలు తడబడి ఒక అక్షరం తప్పు పడింది. చెరిపింది. మళ్ళీ తప్పు పడింది. మూడోసారి ఒక్కో అక్షరం వెతుక్కుని, అప్పుడే టైపు నేర్చుకుంటున్నదానిలా కొట్టింది.

హెడ్డు గారు ఇరవై ఏడింటి మీదా సంతకాలు గిలికేశాడు. పేర్లు చదివే ఓపిక ఆయనకి లేదు.

ఇరవై ఆరు కవర్లు పోస్టు పెట్టెలో పడ్డాయి. ఒకటి ఆమె సంచిలో పడింది.

ఇంటికొచ్చేసరికి కూతురు గుమ్మంలోనే నిలబడి ఉంది. తల్లి మొహం చూసింది. చెయ్యి చాపి కవరు తీసుకుంది. చించి, మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

"ఇది కూడా నువ్వే కొట్టావా?"

తల్లి తలూపింది.

కూతురు ఉత్తరాన్ని ఉన్న మడతల్లోనే మడిచి కవర్లో పెట్టేసి, "పోనీలే అమ్మా, నేను పదో తరగతికొచ్చేలోగా నువ్వు మళ్ళీ అప్లై చేద్దువుగాని," అంది.